బతాకా ఒక జేబులో, డబ్బులు ఇంకో జేబులో

(పోయిన శుక్రవారం మన కూటంలో మాట్లాడిన మాటలు. డ్యూటీలుండి రాలేకపోయిన వాళ్ల కోసం రాసి పెడుతున్నాను.)

నేను పదో తరగతి చదివినోణ్ణి, సైటులో సూపర్‌వైజరును. మైకులో మాట్లాడటం అలవాటు లేదు. కాంక్రీటు పోసేటప్పుడు అరిచే గొంతు ఇది, కొంచెం ఓర్చుకోండి.

కువైట్‌లో మనం రాత్రి పదకొండుకైనా నడిచి రూముకు పోతాం. భయపడాల్సిన దేశం కాదు. కానీ జిలీబులో, మనం హసావి అంటాం కదా, అక్కడ వెనక సందుల్లో జీతాలు పడే రోజులొస్తే దొంగలకు పండగ. వాళ్లకు కత్తి కూడా అక్కర్లేదు. ఒక్క మాట చాలు: "బతాకా!"

కారొకటి పక్కన ఆగుతుంది. మామూలు బట్టల్లో ఉన్నోడు అద్దం దించి బతాకా అడుగుతాడు. పోలీసు అనుకుంటాం. మన కాగితాలన్నీ సరిగా ఉన్నా సరే, ఆ మాట వింటే గుండె జారుతుంది. బతాకా ఉండేది పర్సులో, కాబట్టి పర్సు తెరుస్తాం. వాడికి కావాల్సింది అదే. చూస్తానన్నట్టు పర్సు లాక్కుంటాడు, కారు కదిలిపోతుంది.

నాకు జరిగింది ఇట్లే. మగ్రిబ్ బాంగు అయిపోయింది, బక్కాలాలో పాలు, కుబ్బూస్ కొనుక్కోని వస్తా ఉన్నా. పర్సులో నాలుగు ఇరవై నోట్లు, ఒక ఐదు. మొత్తం 85 దీనార్లు, మా పాప ఇంటర్ ఫీజుకు తీసిపెట్టినవి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కుబ్బూస్ ఇంకా వేడిగానే ఉంది చేతిలో. నేనీ దేశం వచ్చి పద్దెనిమిదేండ్లు, అరబీ మాట్లాడతా, మందూబులతో రోజూ గొడవపడేవాణ్ణి. నాకే జరిగింది. కాబట్టి "వాడెవడో తెలివి తక్కువోడు, మోసపోయినాడు" అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. పోలీసు అడిగితే ఇవ్వాలని మనకు తెలుసు, ఇస్తాం. ఆ మర్యాదే వాడికి పెట్టుబడి.

మక్ఫర్‌కు పోయినా. రెండు గంటలు కూర్చోబెట్టినారు. ఎక్కడ, ఎన్ని గంటలకు, కారు రంగేంటి, నంబరు చూసినావా అని అడిగి అరబీలో రాసుకున్నారు. కేసు నంబరు ఇచ్చినారు. డబ్బులు ఈ రోజు వరకు రాలేదు, ఆ ఆశ పెట్టుకోని ఎవరూ పోవద్దండి. మరి ఎందుకు పోవాలంటే, పర్సుతో పాటు బతాకా కూడా పోయింది. రేపు నిజం పోలీసు రోడ్డు మీద ఆపితే ఏం చూపిస్తాం? మన బతాకా పట్టుకోని ఎవడన్నా ఏదన్నా చేస్తే, అది నా చేతిలో లేదు, ఫలానా రోజు పోయిందని చెప్పడానికి ఏముంటుంది? ఆ నంబరే ఉంటుంది. అరబీ రాకపోతే ఒంటరిగా పోవద్దు. ఏమి రాసినారో తెలీకుండా సంతకం పెట్టొద్దు.

ఇంక అసలు చెప్పాలని వచ్చింది ఇది. మా సైటులో ఒక పిల్లోడు ఉన్నాడు, పేరు చెప్పను, చెప్పొద్దన్నాడు. ఇరవై మూడేండ్లు. నెల జీతం 90 దీనార్లు. ఏటీఎంలో మొత్తం తీసి ఎక్స్చేంజికి పోయే దారిలో వాణ్ణి ఇట్లే దోచుకున్నారు. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంటికి ఫోన్ చేసి కంపెనీ జీతం లేటు అన్నాడు. అక్కడ వాళ్ల నాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఇల్లు నడిపినాడు. ఇక్కడ వీడు పొద్దున సులేమానీ, రాత్రి కుబ్బూస్, అంతే. పదో రోజు స్కఫోల్డింగ్ మీద కళ్లు తిరిగి పడినాడు. బెల్టు హుక్కు వేసుకోని ఉన్నాడు కాబట్టి వేలాడినాడు, మేము దించినాం. హుక్కు లేకుంటే ఈ పొద్దు నేను వేరే విషయం మాట్లాడతా ఉండేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదురా అంటే, "నవ్వుతారని అన్నా" అన్నాడు.

రూములో పది మంది ఉన్నారు. తలా ఒకటిన్నర దీనారు వేసుంటే వాడి నెల తిండి గడిచేది. వాడు అడగలేదు, వాడు తినట్లేదని ఎవరూ చూడలేదు. తమ్ముడూ, ఇది చదివేవాడివి నువ్వే అయితే, ఈ రాత్రే ఎవరో ఒకరికి చెప్పు. ఇంట్లో కూడా ఉన్నదున్నట్టు చెప్పు. అమ్మ ఏడుస్తుంది, ఏడవనీ. వడ్డీ కంటే అది నయం.

కఫీల్ దగ్గర నుంచి వచ్చేసి బయట పని చేసుకుంటున్న వాళ్లు కూడా మనలో ఉన్నారు. వాళ్లు మక్ఫర్‌కు పోలేరని దొంగకు బాగా తెలుసు. ధైర్యంగా పోండి అని నేను చెప్పను, పట్టుబడేది వాళ్లు, నేను కాదు. ముందు మన ఎంబసీలో మాట్లాడండి. మాకు చెప్పండి, తోడు వస్తాం.

చేతిలో ఉన్న పనులు కొన్ని చెప్తా. కువైట్ మొబైల్ ఐడీ ఫోన్లో వేసుకోండి, అది బతాకాతో సమానం. కార్డు చొక్కా జేబులో విడిగా పెట్టండి. అడిగినోడికి కార్డు చూపించండి, పర్సు బయటికి తీయొద్దు. మామూలు బట్టల్లో ఉంటే "అబీ అషూఫ్ హవియా" అని మెత్తగా అడగండి, నిజం పోలీసు దగ్గర కార్డు ఉంటుంది. అడుగుతూనే వెలుగున్న బక్కాలా వైపు జరగండి. కత్తి తీస్తే మాత్రం డబ్బులు ఇచ్చేయండి, 112కు తర్వాత చేయొచ్చు. జీతం మొత్తం ఒక్కసారే తీయొద్దు, ఫోన్లోనే ఇంటికి పంపించొచ్చు. చేతకాకపోతే రూములో చదువుకున్న పిల్లోణ్ణి అడగండి, సిగ్గెందుకు. ఏటీఎం కార్డు పోతే ముందు బ్యాంకుకే ఫోన్ కొట్టండి. బతాకా నంబరు, పాస్‌పోర్టు నంబరు, ఫోన్ ఐఎంఈఐ నంబరు (స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొడితే వస్తుంది) కాగితం మీద రాసి పెట్టెలో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచండి.

అక్కలారా, మీరు చెత్త పడేయడానికి బయటికొచ్చినా ఫోను చెవి దగ్గర పెట్టుకోని రోడ్డు వైపు నడుస్తారు. గోడ వైపు నడవండి.

అరబీ రాయడం వచ్చినోళ్లు మన గ్రూపులో నలుగురు ఉన్నారు. వంతులు వేసుకున్నాం. ఎవరికేం జరిగినా గ్రూపులో వాయిస్ పెట్టండి, రాయడం రాకపోయినా పర్లేదు. ఆ పిల్లోడి 90 దీనార్లలో 62 వచ్చినాయి. మిగతావి వేసేవాళ్లు టీ తాగేటప్పుడు నన్ను కలవండి.