సరుకు బండి ఎక్కేముందు
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ మాట్లాడిన మాటలు)



మన కాచిగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ సంఘాల్లో జూట్ బ్యాగులు కుట్టేవాళ్ళు, గాజులు, బొమ్మలు అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు. జనవరి వస్తే నాంపల్లి నుమాయిష్, తర్వాత శిల్పారామం, ఇంకా ఊళ్ళల్లో మేళాలు. స్టాల్ గురించి, అప్పు గురించి మీటింగుల్లో మాట్లాడుకుంటాం. సరుకు ఏ బండిలో పోతున్నదో మాత్రం ఎవరం అడగం. నేనూ అడగలేదు.

మేళా అయిపోయినాక రాత్రి ఒక ట్రాలీ మాట్లాడినం. ముందు ఒక్కరికే జాగా. మిగతా ఇద్దరిని మూటల మీద ఎక్కమన్నది నేనే. "ఎంత దూరం, అరగంటే కదా" అన్నాను. మలుపులో బ్రేక్ వేస్తే మా అక్క కింద పడి చెయ్యి విరిగింది. ఇన్సూరెన్స్ అడిగితే, మూటల మీద కూర్చున్న మనిషికి రాదన్నారు. దవాఖాన ఖర్చుకు సంఘంలో అప్పు తీసుకున్నాం. ఆ కిస్తీ ఇంకా కడుతున్నాం. ఆ అక్క ఆరు నెలలు మిషన్ తొక్కలేదు.

అప్పటి నుంచి అడిగి తెలుసుకున్నవి మీకు చెప్తున్నాను.

సరుకు బండిలో సరుకు యజమాని గానీ, ఆమె పంపిన మనిషి గానీ పోతే ఇన్సూరెన్స్ ఉంటుందని చట్టంలో ఉంది. కానీ యజమాని అంటే క్యాబిన్‌లో కూర్చున్న మనిషే అని ఆంధ్రప్రదేశ్ నుంచి పోయిన కేసులో సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. ముందు ఎంతమంది కూర్చోవచ్చో ఆర్సీలో రాసి ఉంటుంది. కొన్ని మూడు చక్రాల ట్రాలీలకు డ్రైవర్ సీటు ఒక్కటే. సీటుంటే ఒకరు సరుకుతో పోవాలి, మిగతావాళ్ళు బస్సెక్కాలి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్ పైసలు పడవు కదా. మరి మూటల మీద ఎందుకు?

బండి మాట్లాడేటప్పుడు నంబర్ ప్లేట్ చూడండి. కిరాయి బండికి పసుపు ప్లేట్ మీద నల్ల అక్షరాలు ఉంటాయి. కరెంటు బండి అయితే ఆకుపచ్చ ప్లేట్ మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేట్ బండి తక్కువకు వస్తానన్నా వద్దు. నంబర్‌ను ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ ఎప్పటివరకో కనిపిస్తుంది. మనకు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలను అడుగుదాం.

ఇద్దరు ముగ్గురు కలిసి సొంత ట్రాలీ కొనాలనుకుంటున్నారని విన్నాను, సంతోషం. సరుకు కోసం చేసిన బండి మన సరుకే మోసినా పసుపు ప్లేట్ బండే. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ అక్కర్లేదు. ట్రాలీ ఆటోలు, టాటా ఏస్ లాంటివి ఈ లెక్కలోకే వస్తాయి. పర్మిట్ ఇప్పిస్తానని బ్రోకర్ పైసలు అడిగితే ఇవ్వకండి. పర్మిట్ లేకపోయినా ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితం మాత్రం తప్పవు. ఫిట్‌నెస్ కొత్త బండికి రెండేళ్ళు, ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకొకసారి, ఆ తర్వాత ప్రతి ఏడూ. ఎల్‌ఎమ్‌వి లైసెన్స్ ఉన్నవాళ్ళు ఇలాంటి చిన్న బండ్లు నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి చెప్పింది.

ఇంకొక మాట. విజయవాడ ఇప్పుడు వేరే రాష్ట్రం. జీఎస్టీ నంబర్ లేకుండా, చేత్తో చేసిన, జాబితాలో ఉన్న వస్తువులు వేరే రాష్ట్రానికి పంపితే, ఎంత తక్కువ విలువైనా ఈ-వే బిల్లు కావాలి. దానికి పాన్ కార్డు ఉండాలి. మామూలుగా 50,000 దాటితేనే అనుకుంటాం, ఇక్కడ అట్ల కాదు.

మా సంఘంలో ఒక నియమం పెట్టుకున్నాం. మూటల మీద ఎవరూ కూర్చోరు, బండి నంబర్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వరు. ఇది పుస్తకంలో రాసి అందరం సంతకాలు పెట్టినం. మీ సంఘాల్లో కూడా వచ్చే మీటింగులో రాసుకోండి. సరుకు పోతే మళ్ళీ కుట్టుకోవచ్చు. కుట్టే చెయ్యి పోతే ఏం చేస్తాం?