గ్రాఫిక్స్ కార్డు: దారి వెడల్పా, వాడకంలో పొదుపా?

విజయవాడ వన్ టౌన్ హోల్‌సేల్ దుకాణాల్లో సరుకు గోడౌన్‌లో ఉన్నా, తరచూ అడిగేది గుమాస్తా చేతికందే అరలో ఉంటుంది. అది లేకపోతే ఆ ఇరుకు సందుల్లో రోజంతా తిరుగుడే! గ్రాఫిక్స్ కార్డులో మెమరీ ఆ గోడౌన్, చిప్‌లోని క్యాష్ ఆ అర. కొనేవాళ్లు మాత్రం ‘ఎన్ని జీబీ?’ అని అడిగి ఊరుకుంటారు.

2013లో ఎన్విడియా తెచ్చిన జీటీఎక్స్ 780 టీఐ కెప్లర్ డిజైన్‌ది. మెమరీకీ చిప్‌కూ మధ్య దారి వెడల్పు 384 బిట్లు, వేగం సెకనుకు 336 జీబీ. మరుసటి ఏడు మ్యాక్స్‌వెల్ డిజైన్‌తో జీటీఎక్స్ 980 వచ్చింది. దానికి 256 బిట్లే, 224 జీబీలే. అయినా ఆటల్లో పాతదానికి తీసిపోలేదు సరికదా, చాలాచోట్ల మించింది. క్యాష్ పెంచడం ఒక కారణం. రంగుల కుదింపును మెరుగుపరచడం మరొకటి: ప్రతి పిక్సెల్ రంగునూ పూర్తిగా పంపకుండా, పక్కదానితో ఉన్న తేడానే పంపడం. దీనివల్ల తగ్గేది రాకపోకలే. మెమరీలో చోటేమీ మిగలదు.

2020లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 6800 ఎక్స్‌టీలో ఏకంగా 128 ఎంబీ క్యాష్ పెట్టింది. ఎన్విడియా కూడా 2021 నాటి ఆర్‌టీఎక్స్ 3060లో 3 ఎంబీ ఉన్న క్యాష్‌ను 2023 నాటి ఆర్‌టీఎక్స్ 4060లో 24 చేసింది, మెమరీని మాత్రం 12 జీబీ నుంచి 8కి తగ్గించింది. ఆటలకు ఫరవాలేదు. ఇంట్లో ఏఐ మోడళ్లు నడిపేవారికి మాత్రం నేనైతే పాత 12 జీబీ కార్డే కొనమంటాను. అక్కడ మోడల్ రాసే ప్రతి మాటకూ సాధారణంగా మోడల్ మొత్తాన్నీ మెమరీ నుంచి చదవాలి. 24 ఎంబీ క్యాష్ ఏ మూలకు?