కనపడని దెబ్బ



మైపాడు తీరాన ఒక పట్టపుపాళెం అనుకోండి. అక్కడ ఒక మనిషి పడవలో జారి పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. పైగాయం మానింది. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. కానీ మునుపటి మనిషి కాడు. చెప్పిన మాట గంటకే మరిచిపోతాడు. ఊరికే కోపం తెచ్చుకుంటాడు. వేటకు పంపాలంటే భయం. ఇంట్లో రాబడి లేదు.

"రాయిలాగా ఉండాడే! పింఛనెందుకు?" అంటారు చూసినోళ్ళు.

దెబ్బ మెదడుకు తగిలింది. కంటికి కనపడదు. అంతమాత్రాన అబద్ధం కాదు.

1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే. 2016 చట్టంలో 21 రకాలు. తలదెబ్బ అనే పేరు విడిగా లేదు. దానివల్ల మిగిలిన లోపాన్ని డాక్టర్లు కొలుస్తారు. అది 40 శాతమో, అంతకు మించో ఉంటే సదరం సర్టిఫికెట్‌తో పింఛను అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో దీన్ని నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు పెంచారు.

డాక్టరు అడిగితే ఆయన "నాకేం? బాగుండాను" అంటాడు. తన మరుపునే మరిచిపోతాడు! అందుకే ఇంటిమనిషి వెంట వెళ్ళాలి. ఆసుపత్రి చీటీలు, తల స్కానింగు కాగితాలు దాచిపెట్టాలి. జరిగింది రోజూ తేదీ వేసి రాయాలి. "సోమవారం. ఇంటి దారి తప్పాడు. పక్కింటోళ్ళు తెచ్చి దిగబెట్టారు." ఇంత చాలు. డాక్టరుకు చూపించాలి.

నేర్చుకున్న నాలుగు అక్షరాలు కనపడని దెబ్బను కనపడేట్టు చేస్తాయి.