పొట్లముపై బొమ్మ

అంగడికి పోయి సరకు కొనువారు పొట్లముపై నున్న బొమ్మను చూచి దానిని గుర్తింతురు. చదువురానివారికి బొమ్మయే పేరు. కాని ఆ బొమ్మ ఒక జాతివారినందఱిని గూర్చి అబద్ధము చెప్పుచున్నచో నేమి చేయవలెను? అమెరికా దేశమున ఈ ప్రశ్నకు జవాబు దొరకుటకు నూఱేండ్లకు పైగా పట్టినది.

1889లో మిస్సౌరి రాష్ట్రమందలి సెయింట్ జోసెఫ్ పట్టణమున పెరల్ మిల్లింగ్ కంపెనీవారు అట్లు పోసికొనుటకు సిద్ధముగా కలిపిన పిండిని తయారుచేసిరి. ఆ కాలమున తెల్లవారు ముఖములకు మసి పూసికొని నల్లజాతివారిని వెక్కిరించుచు ఆడు ప్రదర్శనములుండెడివి. వానిలోని యొక పాటనుండి పిండికి ‘ఆంట్ జెమీమా’ యను పేరు తీసికొనిరి.

‘ఆంట్’ అనగా అత్త యనియో పిన్ని యనియో చెప్పవచ్చును. తెలుగు పల్లెలలో వరుస పెట్టి పిలుచుట ఆప్యాయత. అక్కడి సంగతి వేఱు. పెద్ద వయసు వచ్చిన నల్లజాతి స్త్రీని ‘మిసెస్’ అని గౌరవముగా పిలుచుటకు మనసొప్పని తెల్లవారు ఆమెను ‘ఆంట్’ అనియు, పురుషుని ‘అంకుల్’ అనియు పిలిచెడివారు. చుట్టఱికపు మాటతోనే మర్యాదను ఎగవేయుట యన్నమాట! పొట్లముపై నున్న స్త్రీ తలకు గుడ్డ చుట్టుకొని, యజమానుల వంటయింటి చాకిరియే పరమానందమైనట్లు నవ్వుచుండెను. బానిసత్వము 1865లోనే రద్దయినది. అది తీయని కాలమను భ్రమ మాత్రము ఆ నవ్వులో నిలిచియుండెను.

బొమ్మకు ప్రాణము పోయుటకు కెంటకీలో బానిసగా పుట్టిన నాన్సీ గ్రీన్ అను ఆమెను కుదుర్చుకొనిరి. 1893లో చికాగో నగరపు ప్రపంచ ప్రదర్శనశాలలో ఆమె అట్లు పోయుచు, పాతకాలపు తోటల కథలు చెప్పుచు జనులను ఆకర్షించెను. 1923లో మోటారు ప్రమాదమున మరణించెను. బొమ్మ దేశమంతట ప్రసిద్ధము. ఆమె సమాధికి పేరు చెక్కిన రాయియైనను లేదు.

నిరసనలు వచ్చుచునే యుండెను. కంపెనీవారు బొమ్మ వేషము మార్చుచు వచ్చిరి. 1989లో తలగుడ్డ తీసి చెవులకు ముత్యములు పెట్టిరి. నగ మారిన మాత్రమున పేరు మారునా? మెక్సికో సంతతివారి పోరాటము ఇంతకంటె త్వరగా ఫలించినది. చిప్సు దొంగిలించు మెక్సికన్ బందిపోటుగా 1967లో పుట్టిన ‘ఫ్రిటో బాండిటో’ బొమ్మను వారి సంఘములు ఎదిరింపగా 1971 నాటికి అది మాయమయ్యెను.

2020 మే 25న మిన్నియాపొలిస్‌లో పోలీసుల చేతిలో జార్జి ఫ్లాయిడ్ మరణించెను. దేశమంతట ఆగ్రహము చెలరేగెను. ఆ జూన్‌లోనే క్వేకర్ ఓట్స్ వారు జెమీమా పేరును బొమ్మను విడిచెదమనిరి. 1921 గాదు, 2021లో ఆ పిండికి తిరిగి పెరల్ మిల్లింగ్ కంపెనీ పేరే వచ్చినది. ఆ వేడిలోనే భారతదేశమున ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ లేపనపు పేరునుండి ‘ఫెయిర్’ అను మాట పోయెను. అది బొమ్మ కథ కాదు గాని, రంగు కథయే.

అయితే అందఱును సంతోషింపలేదు. తరువాతి కాలమున ఆ వేషము ధరించిన టెక్సాస్ స్త్రీ లిలియన్ రిచర్డ్ కుటుంబమువారు, బొమ్మతో పాటు తమ పెద్దల చరిత్రయు చెరిగిపోవునని బాధపడిరి. ఆ మాట త్రోసిపుచ్చదగినది కాదు. ఆమె కది కూటికొఱకు చేసిన పని. నిజాయితీగా చేసిన పని. తప్పు బొమ్మను గీసినవారిది, వేషము కట్టిన ఆమెది కాదు.

చికాగోలోని బ్రాంజ్‌విల్ హిస్టారికల్ సొసైటీ వారి పూనికతో అదే 2020లో, మరణించిన 97 సంవత్సరములకు, నాన్సీ గ్రీన్ సమాధిపై ఆమె స్వంత పేరు చెక్కిన రాయి నిలిపిరి.