గోమారి కడుపులో ఏముంది?

భోజనాల వేళ కాకముందే ముగించమన్నారు కనుక నేరుగా విషయానికి వస్తాను.

నాలుగేళ్ళ క్రితం మా అత్తయ్యగారు తెనాలి నుంచి కనెటికట్‌లోని మా ఇంటికి వచ్చి, పెరట్లో గోంగూర మడి వేశారు. ఒకనాడు ఆవిడ మోకాలి వెనక గసగసాల గింజంత పురుగు కనిపించింది. ఇక్కడివాళ్ళు టిక్ అంటారు. మనవైపు గోమారి, కొన్నిచోట్ల పిడుదు. "గేదెలకి పట్టేదే కదా బాబూ, ఇంత హడావుడి దేనికి?" అన్నారావిడ. గోమార్లను పరీక్షించడమే నా ఉద్యోగం. పట్టకారుతో లాగి, ఆల్కహాలులో వేసి, మర్నాడు ల్యాబుకు పట్టుకెళ్ళాను.

మామూలుగా అయితే మేమే అడవికి వెళ్ళి పట్టుకొస్తాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు తెల్లగుడ్డను కర్రకు కట్టి పొదల మీదుగా ఈడిస్తే, ఏ జింకో పోతోందనుకుని గోమార్లు పట్టుకుంటాయి. (ఇంత చదువూ గుడ్డ ఈడ్చడానికా అని మా నాన్నగారు అడిగారు.) వాటిని ఒక్కొక్కటిగా నూరి డీఎన్ఏ తీస్తాం. అందులో దాదాపు అంతా గోమారిదే, బాక్టీరియాది అణుమాత్రం. దాన్ని పట్టిచ్చేది పీసీఆర్. ఆ బాక్టీరియా జన్యువుకే అతుక్కునే ప్రైమర్లు వేసి, గొట్టాన్ని 95 డిగ్రీల దాకా వేడిచేస్తూ, చల్లారుస్తూ 40 సార్లు తిప్పుతాం. వెతుకుతున్న ముక్క ఉంటే చుట్టుచుట్టుకూ రెట్టింపవుతుంది. పక్కనే గోమారి లేని గొట్టం ఒకటి పెడతాం. అందులోనూ పెరిగిందా, ఆ రోజు పని చెత్తబుట్టకే.

లైమ్ క్రిమిని 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ న్యూయార్క్ షెల్టర్ ఐలండ్ గోమార్లలో మైక్రోస్కోపుతో చూశారు. ఆయన వెతుకుతున్నది నిజానికి వేరే జ్వరం క్రిమిని! 1990లో మ్యూజియంలో దాచిన పాత గోమార్లకు పీసీఆర్ చేస్తే, లాంగ్ ఐలండ్‌లో 1940లలో పట్టినవాటిలోనే ఆ జన్యువు దొరికింది. 1970లలో కనెటికట్‌లోని లైమ్ ఊళ్ళో పిల్లలకు కీళ్ళవాపులని గగ్గోలు పుట్టేనాటికే అది పాతకాపన్నమాట. 2001లో కనెటికట్ గోమార్లలోనే మియామొటోయ్ కోవ క్రిమి మరొకటి బయటపడింది. మైక్రోస్కోపుకు రెండూ ఒకటే, జన్యువులే వేరు. అమెరికాలో దానివల్ల మనుషులకు జబ్బు చేసిన సంగతి 2013లో గాని వెలుగులోకి రాలేదు.

ఇంత గొప్ప పరీక్షలో అత్తయ్యగారి గోమారి నెగటివ్ వచ్చింది. "ఏమీ లేదండీ" అని ఇంటికి ఫోన్ చేశాను. పొరపాటు అక్కడే జరిగింది. పరీక్ష చెప్పింది ఆ ఒక్క పురుగు గురించి, ఆవిడ గురించి కాదు. పన్నెండు రోజులకు నడుము దగ్గర మచ్చ వేసింది. మా కంటపడని గోమారి ఇంకొకటి కుట్టి ఉండాలి. పుస్తకాల్లో బొమ్మలు చాలావరకు తెల్లచర్మం మీద ఎర్రటి వలయాలే. మన చామనఛాయ మీద అది కమిలిన దెబ్బలా ఉండొచ్చు. ఎక్కడో తగిలిందనుకుని, నా మాట మీద నమ్మకంతో ఆవిడ ఎవరికీ చూపించలేదు. జ్వరం వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్సీసైక్లిన్‌తో తగ్గింది.

గోమారి పరీక్షను బట్టి చికిత్స నిర్ణయించవద్దని సీడీసీ కూడా చెబుతుంది. పాజిటివ్ వచ్చినా క్రిమి మనిషికి ఎక్కి ఉండకపోవచ్చు. మా పరీక్షలు ఏ అడవిలో ఏ క్రిమి ఉందో తెలుసుకోవడానికి. మచ్చో జ్వరమో వస్తే, గోమారి కుట్టిందని డాక్టరుకు మీరే చెప్పండి. గోమారి తీసిన 72 గంటల్లోపైతే ముందుజాగ్రత్త మందు అవసరమా అని కూడా అడగండి.

ఈ వేసవికి అత్తయ్యగారు మళ్ళీ వచ్చారు. మడి దగ్గర్నుంచి రాగానే మా ఆవిడ చేత మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ వెతికించుకుంటున్నారు. నా ల్యాబు సంగతి మాత్రం అడగడం లేదు. తెల్లగుడ్డ, పట్టకారు బల్ల మీద పెట్టాను, చూడాలనుకున్నవారు రండి.