అరణి మథనము



యాగశాలలో ఋత్విక్కులు కొయ్యను కొయ్యపై మథించి అగ్నిని పుట్టించుట మీలో పలువురు చూచియే యుందురు. అగ్గిపెట్టె చేతిలో ఉండగా ఇంత శ్రమ యెందుకని కొందరికి సందేహము కలుగును. నేడు మనము ఆ సందేహమునే విచారింతము.

క్రింది కొయ్యకు అధరారణి యని, పై కొయ్యకు ఉత్తరారణి యని పేర్లు. జమ్మిచెట్టుపై మొలచిన రావి వీటికి శ్రేష్ఠమని శాస్త్రము. అధరారణి పొడవు 24 అంగుళములు, వెడల్పు 6, ఎత్తు 4. ఇచ్చట అంగుళమనగా వ్రేలి వెడల్పు. మొదటినుండి 8, కొననుండి 12 అంగుళములు విడువగా నడుమ మిగిలిన 4 అంగుళముల చోటే దేవయోని. ఉత్తరారణినుండి తీసిన ముక్కను కవ్వము వంటి కొయ్యకు అమర్చి అక్కడ నిలుపుదురు. ఒకరు పైనుండి అదిమి పట్టగా, మరొకరు త్రాడు చుట్టి మజ్జిగ చిలికినట్లు లాగుదురు. రాపిడికి నల్లని పొడి రాలి కుప్పయగును. అందులో పొగ గ్రమ్మి నిప్పురవ్వ పుట్టును. దానిని కొబ్బరి పీచులో, ఎండు పిడక పొడిలో ఉంచి మెల్లగా విసరినచో జ్వాల లేచును.

రోహిణీ కార్తె ఎండలలో తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో కొయ్య బాగుగా ఎండి యుండును గనుక పొగ త్వరగా వచ్చును. అయితే వడగాలి ఆ పొడిని చెదరగొట్టును. అడ్డముగా తడిక నిలుపవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వానలు తెచ్చును. అప్పుడు కొయ్య గాలిలోని చెమ్మను పీల్చుకొనును. రాపిడివలన పుట్టిన వేడి ముందుగా ఆ చెమ్మను ఆవిరి చేయుటకే వ్యయమగును. త్రాడు కూడ నాని జారిపోవును.

ఒక కార్తికమాసమున ఈ ప్రాంతపు గ్రామాలయమొకదానిలో మేమీ కష్టమును కన్నులార చూచితిమి. మూడు దినములుగా ముసురు. ఋత్విక్కులు చేతులు మార్చుకొనుచు మథించిరి. పొగ వచ్చును, ఆరిపోవును. ఏర్పాట్లు చూచుచున్న మాలో ఒకరు అగ్గిపెట్టె కూడ తీసిరి. వృద్ధులైన ఆచార్యులవారు వారించి, "ఈ వారమంతయు అరణులను ఎక్కడ ఉంచితిరి నాయనా?" అని అడిగిరి. మండపపు మూలలో, వట్టి నేలపై! మేము తలలు వంచుకొంటిమి. "వానను నిందింపకుడు. అగ్ని కొయ్యలోనే యున్నది. దానిని తడిలో పెట్టినది మనము" అనిరి. హోమము మరునాటికి మార్చిరి. అరణులను తుడిచి, పొడివస్త్రములో చుట్టి, పాకశాలలో వెచ్చని చోట ఉంచిరి. త్రాడు మార్చిరి. మరునాటి ఉదయము, వాన కురియుచుండగనే, అగ్నిదేవుడు ప్రత్యక్షమాయెను.

ఈ విద్య యాగశాలకే పరిమితము కాదు. యానాదులు రెండు పుల్లల రాపిడితో నిప్పు చేసెడివారని 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథము తెలుపుచున్నది. కొయ్య కోరునది పొడితనమును, చేతి ఓర్పును మాత్రమే, కులగోత్రములను కాదు.

తల్లి గర్భమున శిశువువలె అగ్ని అరణులలో దాగియున్నదని కఠోపనిషత్తు చెప్పును. శ్వేతాశ్వతరోపనిషత్తు మన దేహమునే అధరారణిగా, ప్రణవమును ఉత్తరారణిగా, ధ్యానమును మథనముగా భావింపుమన్నది. కష్టకాలమున స్వామిని పిలిచినను మనస్సు నిలువలేదని మనము వాపోవుదుము. మంచి దినములలో ఆ మనస్సును ఎక్కడ ఉంచితిమి? కామక్రోధముల చెమ్మలో పడవేసి, ఆపద వచ్చిననాడు జ్వాల లేవలేదన్నచో తప్పెవరిది?

అగ్గిపుల్ల మంటను మాత్రమే ఇచ్చును. మథనము మనకు ముందుజాగ్రత్తను, ఓర్పును నేర్పును. కావున ప్రతిదినము కొంతసేపు నామస్మరణ చేయుచు, మనస్సను అరణిని పొడిగా కాపాడుకొందము. ముసురు పట్టిన నాడును అగ్ని లేచునట్లు శ్రీ వేంకటేశ్వరస్వామి మనలను అనుగ్రహించుగాక!

స్వస్తి.