ఫ్యాక్టరీ బతికింది, రోస్టర్ చచ్చింది
(అల్మాస్‌గూడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బండ్ల కంపెనీలు మునుగుతుంటే సర్కారు ఆదుకోవాలా వద్దా అన్నది మనకెందుకు, మన వాడలో కార్లెన్ని ఉన్నయని కొందరు అడుగుతున్నరు. కార్లు లేకపోవచ్చు. ఆదుకునే పైసల్లో మాత్రం మనవి ఉన్నయి. సబ్బుబిళ్ళ కొన్నా పన్ను కడుతున్నం. కాబట్టి అడిగే హక్కు మనకుంది.

దూరం పోవద్దు. మన పట్నానికి ఆ చివర సనత్‌నగర్‌లో ఆల్విన్ ఉండేది. 1942లో నిజాం పరిశ్రమల నిధి అండతో మొదలైంది. బస్సుల బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయింది. ప్రభుత్వ సంస్థ అంటే రోస్టర్. అప్పట్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6 శాతం. మాల, మాదిగ పిల్లగాడికి నెల జీతం, పీఎఫ్, క్యాంటీన్‌లో అందరితో ఒకే బల్ల. ఊళ్ళో రెండు గ్లాసులు చూసి వచ్చినవాడికి ఆ బల్ల విలువ చెప్పనక్కర్లేదు.

1980లలో జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు మొదలుపెట్టారు. అదే కాలంలో డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి కూడా దిగాయి. నాలుగూ ఒకే తీరు బండ్లు, కొనేవాళ్ళు తక్కువ. 1985 తర్వాత యెన్ విలువ పెరిగింది, జపాన్ నుంచి తెచ్చే భాగాల ధర కొండెక్కింది. ఇందులో ఫిట్టర్ తప్పేముంది? మాట పడ్డది మాత్రం కార్మికుడే. రిజర్వేషనోళ్ళు వచ్చి చెడగొట్టిన్రన్న గుసగుస మనకు కొత్తదా!

చివరికి లారీలు మహీంద్రాకు, ఫ్రిజ్‌లు వోల్టాస్‌కు పోయాయి. గడియారాలు ఆగిపోయాయి. ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అన్న పేర్లు మిగిలినయి.

ఒకటి దాచొద్దు. జహీరాబాద్ ఫ్యాక్టరీ చావలేదు. మహీంద్రా చేతిలో నేటికీ నడుస్తున్నది, ట్రాక్టర్లు తయారవుతున్నయి. అమ్మడమే మంచిదైంది కదా అంటారు. యంత్రాలకు మంచిదే. రోస్టర్ మాత్రం గేటు బయటే ఆగింది. ప్రైవేటు కంపెనీకి రిజర్వేషన్ చట్టం వర్తించదు.

పోనీ, ప్రైవేటుకు సర్కారు సొమ్ము అక్కర్లేదా? సంజయ్ గాంధీ కారు కంపెనీ 1977లో మూతబడితే 1980లో కేంద్రం జాతీయం చేసింది, మారుతి ఉద్యోగ్ పెట్టింది. అది నిలదొక్కుకున్నాక 2002లో పెత్తనం సుజుకీకి అప్పజెప్పి, 2007కల్లా తన వాటా మొత్తం అమ్ముకుంది. 2019లో కార్ల అమ్మకాలు పడిపోయిన ఏడే కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. 2021లో బండ్ల పరిశ్రమకు ప్రోత్సాహకంగా 25,938 కోట్లు ప్రకటించారు. స్వేచ్ఛా మార్కెట్ అని ప్రపంచానికి పాఠం చెప్పే అమెరికా కూడా 2008-09లో జనరల్ మోటార్స్, క్రైస్లర్‌లను జనం డబ్బుతోనే నిలబెట్టింది. ఒక్క జనరల్ మోటార్స్ మీదే 1,000 కోట్ల డాలర్ల పైన నష్టపోయింది. అక్కడ ఉద్యోగాలు మిగిలాయన్నది నిజమే. కొత్తగా చేరినవాడికి పాతవాడి జీతంలో సగమే ఇచ్చారన్నదీ నిజమే.

అంటే ఆదుకోవడం అన్నది ఎప్పుడూ ఉన్నదే. పబ్లిక్ రంగానికి చేస్తే దుబారా, ప్రైవేటుకు చేస్తే ప్రోత్సాహకం! బాబాసాహెబ్ 1947లోనే కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలని రాసి ఇచ్చాడు. ఆయన మాట పక్కన పెట్టినవాళ్ళే ఇవాళ రాజ్యం ఖజానా దగ్గర వరుస కడుతున్నరు.

మేము ఆదుకోవద్దనడం లేదు. ఫ్యాక్టరీ మూతబడితే ముందు ఇంటికి పోయేది కాంట్రాక్టు కూలీ, అందులో మనోళ్ళే ఎక్కువ. కానీ సర్కారు పైసా వెంట రోస్టర్ కూడా గేటు లోపలికి పోవాలె. అప్పు ఇచ్చినా, పన్ను తగ్గించినా, భూమి చౌకగా ఇచ్చినా సరే. ఫ్యాక్టరీ ఎత్తేస్తే భూమి తిరిగి జనానికి రావాలె, ప్లాట్లు గాకూడదు.

మన రాష్ట్రంలో ఏ బండ్ల కంపెనీకి ఎంత రాయితీ ఇచ్చారు, ఎందరిని పనిలోకి తీసుకున్నరు, అందులో ఎస్సీ ఎస్టీలెందరు? పరిశ్రమల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు రాసి తెచ్చినం. చదవొచ్చినవాళ్ళు చదివి వినిపించండి, ఒప్పుకున్నవాళ్ళు ఒక్కొక్కరూ తమ పేరున విడిగా పంపండి.